మా అత్తమ్మ పుతలీలు

మా అత్తమ్మ మెడలో ఇరవై ఒక్క పుతలీల పేరొకటుంది. జనగామకు కాపురానికొచ్చిన రోజునుంచీ చూస్తున్నాను, స్నానమయ్యాక దాన్ని కళ్ళకద్దుకోనిదే ఆవిడ చాయ తాగరు. ఒక్కో బిళ్ళ మీదా సన్నగా ఇద్దరు మనుషులు, మధ్య ఒక కర్ర. "రాముడు, సీతమ్మ" అంటారావిడ.

మొన్న మానుకోటలో మా మరిది కూతురి పెళ్ళి కుదిరింది. పేరు మనవరాళ్ళిద్దరికీ పంచాలన్నారు. తూకానికి తీసికెళితే కంసాలి భూతద్దంలో చూసి, "ఇవి అక్షరాల్లాగున్నాయి గానీ అక్షరాలు కావమ్మా" అన్నాడు. నా గుండె గుభేలుమంది. బంగారం మాత్రం మంచిదేనట, బతికాం!

ఊరుకోలేక పుస్తకాలు తిరగేశాను. అసలు నాణెం వెనిస్ వాళ్ళ డకాట్. 1284లో మొదలై 1797 దాకా వేశారు. తూకం మూడున్నర గ్రాములు. మోకరిల్లినాయన డోజ్, అంటే అక్కడి పాలకుడు. జెండా కర్ర అందిస్తున్నది సెయింట్ మార్క్. వర్తకంలో మనదేశం చేరిన ఆ నాణెమంటే అందరికీ గురి. అందుకే మన కంసాలులూ అలాగే చేశారు. లాటిన్ రాదు పాపం, అక్షరాలు గీతలైపోయాయి. ఆమాటకొస్తే యూరప్‌లో ఫ్రాంకులు, గోతులు రోము చక్రవర్తుల బంగారు నాణేలను ఇలా దించుకున్నవాళ్ళే. మన సంగారెడ్డి వైపు కొండాపూర్‌లోనైతే రోము చక్రవర్తి తలతో, దండకు గుచ్చుకునే రంధ్రాలతో మట్టి బిళ్ళలే దొరికాయి! బంగారం లేనమ్మ మోజు కాబోలు.

ఇదంతా ఆవిడకు చెప్పాలా, వద్దా? రెండు రోజులు నలిగి చెప్పేశాను.

"అయితే సీతమ్మ కాదా?" అన్నారు. ఆ ముఖం చూసి, ఎందుకు చెప్పానా అనిపించింది.

కాసేపటికి పేరు కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టారు. "చెరి పది తియ్యి బిడ్డా. మిగిలిన సీతారాములను నాకుంచు."