గుండు కుదిరితే గురి కుదురుతుంది

తెలుగులో ‘గురి’ అన్న మాటకు రెండు అర్థాలు ప్రసిద్ధం. బాణమో గుండో తగలవలసిన చోటు మొదటిది. నమ్మకం రెండవది. ‘ఆ వైద్యుడి మీద మాకు మంచి గురి’ అంటాం. ‘గురి కుదరడం’ అన్న పలుకుబడి రెండింటికీ చెల్లుతుంది. ముప్ఫై యేళ్ళకు పైగా పిల్లలకు నానార్థాలు చెప్పిన నాకు ఈ రెండర్థాలూ ఒక్కచోట కనబడింది మాత్రం బడిలో కాదు. 2016 వేసవిలో, అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, బోయిసీ నగరంలోని మా అబ్బాయి ఇంటి పక్క షెడ్డులో. అక్కడ ఒక పెద్దాయన సీసం కరిగించి గుండ్లు పోసి, ఒక పాత లీవరు తుపాకికి గురి కుదిర్చే పనిలో ఉన్నారు.

తెలుగు పంతులుకు తుపాకులతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. నాకు పని కలిగింది తుపాకితో కాదు, సీసంతో. ఆ పెద్దాయనకు అప్పటికి ఎనభై రెండేళ్ళు. వయసులో ఉండగా ఒక పత్రిక ముద్రణాలయంలో లైనోటైపు యంత్రం నడిపారట. నేను భాషాప్రవీణ చదివే రోజుల్లో, 1970ల చివర, సెలవులకు తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఈ సంగతి మా అబ్బాయి చెప్పగానే ఆయన నన్ను షెడ్డులోకి తీసుకువెళ్ళి ఒక మూల పేర్చి ఉన్న బూడిదరంగు కడ్డీలు చూపించారు. తాను పనిచేసిన ప్రెస్సు వేడిసీసానికి స్వస్తి చెప్పిన నాడు తెచ్చుకున్న లోహం అది.

లైనోటైపు యంత్రాన్ని రూపొందించినవాడు ఆట్మార్ మెర్గెంటాలర్. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో అది పనిలోకి దిగింది. మీటలు నొక్కుతుంటే అక్షరాల అచ్చులు వరుసగా వచ్చి నిలబడతాయి. కరిగిన లోహం వాటి మీదికి చేరి ఒక పంక్తి మొత్తం ఒకే ముక్కగా పోతపడుతుంది. ఆ లోహంలో నూటికి సుమారు 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు ఆంటిమొని, 4 పాళ్ళు తగరం. వట్టి సీసం 327 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర గాని కరగదు. ఈ మిశ్రమం దాదాపు 240 దగ్గరే నీరవుతుంది. ఆంటిమొని గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తుంది. తగరం ఆ ద్రవాన్ని అచ్చు మూలమూలలకూ పారిస్తుంది. అక్షరం అంచు పదునుగా తేలాలంటే ఈ గుణాలు కావాలి. గుండు అంచు పదునుగా తేలాలన్నా ఇవే కావాలి.

మన కంపోజిటర్లు కేసుల్లోంచి ఏరి స్టిక్కులో పేర్చిన తెలుగు టైపు కూడా ఈ మూడు లోహాల కలయికే. పాళ్ళలోనే తేడా. సీసమంటే పద్యం, అచ్చులంటే అకారాదులు అనుకుంటూ బతికిన నాకు ఆ కడ్డీలు పరాయివిగా తోచలేదు. అక్షరాలు పోసిన లోహం గుండ్లుగా మారుతున్నదే అని మనసు కొంత కష్టపడిన మాటా నిజమే. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, ఈ లోహంతో తాను ఎన్ని అబద్ధాలు పోతపోశారో లెక్కలేదని అన్నారు.

ముందుకు వెళ్ళేముందు మాటలు సరిచూసుకుందాం. మనం వాడుకలో తూటాను, గుండును కలిపేస్తాం. తూటా అంటే ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు, ఇవన్నీ కలిసినది. గొట్టం నుంచి ఎగిరిపోయేది గుండు మాత్రమే. లీవరు తుపాకి అంటే ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప పిడిని కిందికి లాగి పైకి తెస్తే పేలిన తొడుగు బయటపడి, కొత్త తూటా లోపలికి చేరే తుపాకి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 వీటిలో సుప్రసిద్ధం. దాని కోసం 1895లో వచ్చిన .30-30 తూటా నేటికీ వాడుకలో ఉంది. వీటిలో చాలా వాటికి తూటాలు గొట్టం కిందనే మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి బారుగా ఉంటాయి. వెనుక తూటా ముక్కు ముందు తూటా ప్రైమరును ఆనుకుని ఉంటుంది గనుక, గట్టి మొన ఉన్న గుండు అక్కడ ప్రమాదం. అందుకే వీటికి చదును ముక్కు గుండ్లు పోస్తారు.

పెద్దాయన చేతిలో ఉన్నది .30-30 తుపాకే. రెండేళ్ళ క్రితం పోయిన తమ్ముడిది. దానికి గురి లేదని పేరు పడిపోయింది. తమ్ముడు, ఆయన కొడుకు, ఒక స్నేహితుడు, ముగ్గురూ అమ్మేయమన్నారట. ఈయన అమ్మలేదు. పద్నాలుగేళ్ళ మనవరాలు ఆ అక్టోబరులో మొదటిసారి జింకల వేటకు వెళ్ళబోతున్నది. చిన్నతాత తుపాకి ఆమెకు ఇవ్వాలని ఈయన కోరిక. పోతగుండును కొంత తక్కువ వేగంతో పంపవచ్చు గనుక చిన్నపిల్ల భుజానికి తన్ను తగ్గుతుంది. అయితే ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. నూరు గజాల దూరాన అయిదు గుండ్లూ మూడంగుళాల వలయంలో పడనిదే ఆ తుపాకి పిల్ల చేతికి వెళ్ళదు. నేను శాకాహారిని, వేట నాకు రుచించదు. ఆ సంగతి తెలిసే ఆయన నాకు కారణం వివరించారు. గురి బాగుంటే జంతువు నిలబడ్డచోటే పోతుంది. గురి చెడితే కడుపులో గుండుతో కొండల్లో పడి రెండు రోజులు చస్తుంది. వేటాడేవాడికి మాంసం కంటే ముందు ఈ బాధ్యత ఉండాలని ఆయన మాట. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఆ తుపాకి గొట్టంలో లోతు తక్కువైన మెలి గాడులు పన్నెండు ఉన్నాయి. గుండును గిరగిర తిప్పి తిన్నగా పంపేవి ఈ గాడులే. మార్లిన్ కంపెనీ 1953లో మైక్రో-గ్రూవ్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. సీసపు గుండ్లకు ఈ గాడులు పనికిరావని ఆ దేశంలో చాలాకాలంగా ఒక లోకోక్తి ఉంది. పెద్దాయన ఆ లోకోక్తిని నమ్మనూ లేదు, ఖండించనూ లేదు. కొలిచారు.

కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంది. ముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నారు. ఒక మరచుట్టు విప్పి లీవరునూ బోల్టునూ బయటికి తీశారు. గొట్టం లోపల నూనె పూసి, గొట్టం కంటే కాస్త లావైన మెత్తని సీసపు ముక్కను కడ్డీతో మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తోశారు. ముక్క బయటికి వచ్చేసరికి గాడుల ముద్ర దాని ఒంటి మీద అచ్చుపడింది. మైక్రోమీటరుతో కొలిస్తే గాడుల అడుగు నుంచి అడుగుకు 0.3095 అంగుళం. కాగితాల మీద ఆ తుపాకికి ఉండవలసిన కొలత 0.308. తమ్ముడు గుండ్లను సరిచేసుకున్న డై 0.309ది, అదీ మరో తుపాకి కోసం కొన్నది. అంటే గుండు గొట్టం కంటే అంగుళంలో రెండువేల వంతు సన్నం. తలవెంట్రుక మందంలో ఆరో వంతు కూడా ఉండదేమో!

ఆ కాస్త సందు చాలు. మందు మండగానే పుట్టే వేడి వాయువు గుండు పక్కల నుంచి ముందుకు దూసుకుపోతుంది. పోతూ పోతూ సీసాన్ని కోసి, కరిగించి, గొట్టానికి పూస్తుంది. గాడులు పూడుకుపోతాయి, తరువాతి గుండుకు పట్టు దొరకదు. రాగి తొడుగు గుండ్లు కొంత సన్నమైనా సర్దుకుపోతాయి గాని, సీసపు గుండు సర్దుకోదు. అది గాడి కొలత కంటే అంగుళంలో వెయ్యో వంతో రెండో లావుగా ఉండాలి. తమ్ముడు ఈ జబ్బుకు మందుగా మరింత గట్టి లోహం వాడి చూశాడట. అన్నగారి దగ్గరి లైనోటైపు కడ్డీలను ఏమీ కలపకుండా కరిగించి పోశాడు. కొలత తప్పినచోట గట్టిదనం ఏం చేస్తుంది? గుండు గట్టిదైంది, గొట్టం మాత్రం అలాగే సీసంతో పూడింది. పైగా అంత గట్టి లోహం పెళుసు, ఎముక తగిలితే పగులుతుంది.

ఈయన ఒక పాలు లైనోటైపుకు మూడు పాళ్ళు మెత్తని సీసం కలిపారు. నూటికి 96 సీసం, 3 ఆంటిమొని, 1 తగరం అన్నమాట. 0.311 డై తెప్పించారు. పోతపోసేటప్పుడు షెడ్డు తలుపులన్నీ తెరిచి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకునేవారు. నీటిచుక్క కరిగిన సీసంలో పడితే ఆవిరై పేలి లోహాన్ని ఎగజిమ్ముతుంది గనుక నా మంచినీళ్ళ సీసాను గడప అవతలే పెట్టించారు. అచ్చు చల్లగా ఉన్నంతసేపు గుండ్లు ముడతలు పడతాయి. మరీ వేడెక్కితే పైన మంచు పట్టినట్టు తెల్లబడతాయి. ముడతలవి మళ్ళీ కుండలోకే. మంచివాటిలో కూడా అడుగు చూసి ఏరేవారు. ముక్కు మీద చిన్న సొట్ట ఉన్నా ఉంచేవారు, అడుగు అంచు గుండ్రంగా తేలకపోతే తీసేసేవారు. వైద్యవిద్య చదివిన ఫ్రాంక్లిన్ మన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1909లో అచ్చువేసిన గ్రంథంలో ఈ సంగతి నిరూపించాడు. గుండు ముక్కు చెడితే దారి పెద్దగా తప్పదు, అడుగు చెడితే తప్పుతుంది. గొట్టం మూతి దాటే క్షణాన వాయువు ఆఖరిసారి తోసేది అడుగునే. ఆ అంచు ఒకవైపు కొరతగా ఉంటే తోపు ఒకవైపుకు ఒరుగుతుంది. అందుకే అడుగుకు చిన్న రాగి గిన్నె తొడిగి, గుండు చుట్టూ ఉన్న గాడుల్లో తేనెమైనం కలిపిన కందెన నింపుతారు.

నాకు అన్నింటికంటె నచ్చినది ఆయన నోటుపుస్తకం. ఒకసారికి ఒక్క మార్పే. కొలత మార్చిన రోజు లోహం మార్చలేదు, లోహం మార్చిన రోజు మందు మార్చలేదు. పాత గుండ్లతో అయిదు దెబ్బలు ఏడంగుళాల మేర చెదిరాయి. లావు గుండ్లు పాత లోహంతోనే పోస్తే నాలుగున్నర. లోహం మార్చి రాగి గిన్నె తొడిగితే దాదాపు నాలుగు. అక్కడ ఆగిపోయింది. అప్పుడు ఆయన తుపాకి స్వభావం వైపు చూశారు. ఇందులో గొట్టాన్ని కింది తూటాల గొట్టమూ, ముందరి చెక్కా పట్టీలతో పట్టుకుని ఉంటాయి. వరుసగా పేలిస్తే గొట్టం వేడెక్కి సాగుతుంది, పట్టీలు సాగనివ్వవు, దెబ్బ పక్కకు జరుగుతుంది. కాబట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య అయిదు నిమిషాలు ఆగారు. ఇసుక సంచి మీద గొట్టాన్ని కాక చెక్కను, అదీ ప్రతిసారీ ఒకే చోట ఆనించారు. వేగం పెంచాలన్న కోరికను దగ్గరికి రానివ్వలేదు. ఆగస్టు చివర ఒక ఉదయం ఊరి బయటి రేంజిలో అయిదు గుండ్లూ రెండుంపావు అంగుళాల వలయంలో పడ్డాయి. ఆ మరునాడు మళ్ళీ అలాగే పడితే గాని ఆయన నమ్మలేదు. ఆ రెండవ రోజున, తుపాకి మీద ఆయనకు గురి కుదిరింది.

మన ఆలంకారికులలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. పదం ఎంత గొప్పదని కాదు, ఆ చోట అది ఒదిగిందా అన్నదే ప్రశ్న. ఆ షెడ్డులో నేను చూసింది లోహంలో ఔచిత్యం. గట్టిదనం, వేగం, కంపెనీ పేరు, ఇవేవీ ఒదుగుదలకు ప్రత్యామ్నాయం కాలేకపోయాయి. ఒదుగుదల తెలియాలంటే ఎదుటనున్న గొట్టాన్నే కొలవాలి, పుస్తకంలోని గొట్టాన్ని కాదు. బడిలో మొద్దు అని పేరు పడ్డ పిల్లవాణ్ణి పైతరగతి ఉపాధ్యాయుడు కూడా అలాగే పిలవడం మనకు కొత్త కాదు. పేరు పెట్టడానికి క్షణం చాలు. కొలవడానికి తీరిక కావాలి, ప్రేమ కూడా కావాలి.

గురి ఒక్కటే చాలదన్న సంగతి మన పురాణాలు ఎరుగును. దశరథుడి శబ్దవేధి గురి తప్పలేదు. నీరు ముంచుకుంటున్నది ఏనుగా మనిషా అన్న ఎరుక తప్పింది. తుపాకుల వల్ల ఆ దేశంలో జరిగే ఘోరాలు తెలిసినవాడిని గనుక ఈ మాట పెద్దాయనతో చెప్పాను. ఆయన ఆ కథ రెండుసార్లు చెప్పించుకుని, మనవరాలికి చెబుతానన్నారు.

సెప్టెంబరులో నేను తిరిగి వచ్చేశాను. అక్టోబరు ఆఖరున మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. ఆ పిల్ల రెండు రోజులు కొండమీద కూర్చున్నదట, ఒక్క గుండు కూడా పేల్చలేదట. కనిపించిన ఒక్క జింకా నూటయాభై గజాల అవతల ఉన్నదట. తాను సాధన చేసింది నూరు గజాలకే కదా అన్నదట. తాతగారు ఆ మాటను ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నారని మా కోడలు నవ్వింది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఇది చదివి ఎవరూ కుండ పొయ్యి మీద పెట్టవద్దని మనవి. నా కోరిక వేరు. సీసంతో తెలుగు అక్షరాలు పోతపోసిన ఫౌండ్రీలలో, లెటర్ ప్రెస్సులలో పనిచేసినవారు, వారి పిల్లలు చదువరులలో ఉండే ఉంటారు. కరిగిన లోహం మీద తేలే తెట్టును, అంచు సరిగా రాని అక్షరాన్ని, అరిగిపోయి మళ్ళీ కుండలోకి వెళ్ళే టైపును ఆ పనివారు ఏ పేర్లతో పిలిచేవారు? నేను ప్రూఫుల బల్ల దగ్గర విన్నవి కొన్నే. తెలిసినవారు వ్యాఖ్యలలో రాస్తే ఒక చోట కూర్చుకుందాం.