అమ్మీ వేసిన నూనె చుక్క

మొన్న అల్మారా సర్దుతుంటే పాత దుపట్టాలో చుట్టిపెట్టిన జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 కార్డు బయటపడింది. "ఏంటబ్బా, ఇది బొమ్మా?" అన్నాడు మా చిన్నోడు. వాడి కంప్యూటర్లో ఉన్నదాని పక్కన పెడితే బొమ్మే మరి.

నాకు తెలిసిన మొదటి కార్డు ఎస్3 ట్రయో. 1999లో చిత్తూరులో ఒక డీటీపీ దుకాణంలో పనికి కుదిరినాను. షాదీ రుఖ్ఖాలు ఉర్దూలో అయితే ఇన్‌పేజ్, తెలుగులో అయితే పేజ్‌మేకర్. ఆ కార్డు మెమరీ మొత్తం 1 ఎంబీ. తెర 1024 బై 768 పెడితే 256 రంగులకు మించి రావు. అంతకన్నా రంగులు కావాలంటే 800 బై 600కి దిగాల్సిందే. అప్పుడు నస్తాలీఖ్ నుక్తాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. బే ఏదో, పే ఏదో జూమ్ చేసి చూసుకోవాల. అయినా దానిమీద నాకు మొహబ్బతే. ఉర్దూ మీడియం చదువూ తెలుగు డిగ్రీ రెండూ కలిసి నాకు కూడు పెట్టింది ఆ తెరమీదే.

ఎంఎక్స్ 440 మాత్రం ఝూట్ చెప్పి కొన్నది.

2002 రమ్జాన్ నెలంతా అమ్మీ సహరీ దాకా మిషన్ తొక్కి పక్కిళ్ల పిల్లలకు ఈద్ బట్టలు కుట్టింది. ఈద్ అయిన వారానికి, "ఇది లేకుంటే ఉర్దూ సరిగా కనపడదమ్మీ" అన్నాను. "కామ్ కా హైతో లేలే బేటా" అని కుట్టుకూలి చేతిలో పెట్టింది. బస్సెక్కి తిరుపతికి పోయి తెచ్చుకున్నాను. రుఖ్ఖాలకు త్రీడీ కార్డు ఎందుకు? నాకు కావాల్సింది మాక్స్ పేన్ ఆట. ఆమె మాత్రం వచ్చినోళ్లందరికీ చెప్పేది, "మేరే బేటే కా ఉర్దూ ఇసీచ్ సే ఆతా" అని.

మరుసటేడు ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త ఆట వస్తే ఈ కార్డుమీద నడవనే లేదు. పేరులో నాలుగున్నా ఖాందాన్ జీఫోర్స్ 2ది, కొత్త ఆటలకు కావాల్సిన షేడర్లు దీనిలో లేవు. నాకు తగిన శాస్తే.

తర్వాత 8400 జీఎస్, జీటీఎక్స్ 1050 టీఐ కూడా వాడినాను. మంచి కార్డులే. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

"ఇది నా బోర్డుకు పడుతుందా?" అన్నాడు చిన్నోడు. పడదు. దీనికి ఏజీపీ స్లాట్ కావాల. "మరెందుకు దాచినావు?"

ఒక ఎండాకాలం రాత్రి దీని ఫ్యాన్ గరగరమంది. అమ్మీ నిద్రలేచి, తన కుట్టుమిషన్ నూనె డబ్బా తెచ్చింది. ఫ్యాన్ మీద స్టిక్కర్ లేపి, ఒకే ఒక్క చుక్క వేసింది. మళ్లీ ఆన్ చేస్తే చప్పుడు లేదు. నేను ఆగబట్టలేక ఆట తెరిచినాను. తెరమీద తుపాకీ పట్టుకున్న మనిషి. అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని కొంచెంసేపు చూసింది.

"యే కిస్కీ షాదీ హై బేటా?" అని, డబ్బా తీసుకుని పోయి పడుకుంది.