సామెతలు, ట్యాగులు, అను ఫాంట్లు

మా పెద్దనాన్న 40 ఏళ్ళుగా పోగేసిన సామెతల్ని ఎక్స్ఎంఎల్ ఫైల్లోకి ఎక్కించాను. సామెత, అర్థం, విన్న ఊరు - మూడే ట్యాగులు. పుస్తకం వేయించాలి. ఆయనకిప్పుడు 81.

ఇన్‌డిజైన్‌లో ఇది సులువే. ట్యాగుకీ, పేరాగ్రాఫ్ స్టైలుకీ ఒకే పేరు పెట్టి మ్యాప్ చేస్తే అక్షరాల సైజూ, ఇండెంటూ వాటంతటవే సర్దుకుంటాయి. ఒక మెలికుంది లెండి. పేరా చివర ఎంటర్ అది వేసుకోదు, ఎక్స్ఎంఎల్‌లోనే ఉండాలి. లేదంటే సామెతా, అర్థమూ అతుక్కుపోతాయి. పైగా మన కంటికి ఇంపుగా ఉండాలని పెట్టుకున్న ఖాళీలన్నీ పేజీలోకి వచ్చి కూర్చుంటాయి! వాటిని తుడవడానికో చిన్న స్క్రిప్టు రాసుకున్నా.

అసలు తంటా తెలుగుతో. 2012 నాటి సీఎస్6 నుంచీ వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు చక్కగా కూర్చుంటుంది. నేను వెళ్ళిన సికింద్రాబాదు ప్రెస్సులో మాత్రం ఇంకా పేజ్‌మేకరూ, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, 2001లో వచ్చింది! ఇక అను ఫాంట్లలో తెరమీద కనబడేది తెలుగే గానీ, ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, ఏవేవో గుర్తులూను.

"కన్వర్టరుంది సార్, మార్చేద్దాం" అన్నాడు డీటీపీ చేసే అబ్బాయి. మార్చొచ్చు. కానీ అక్కడ దిద్దిన ప్రూఫు తిరిగి నా ఫైల్లోకి రాదే! మా పెద్దనాన్నేమో ప్రూఫు చూసినప్పుడల్లా నాలుగు కొత్త సామెతలు చేరుస్తారాయె. రెండో ముద్రణకి అవన్నీ మళ్ళీ కొట్టుకోవాలా?

అందుకే పేజీలు ఇంట్లోనే కట్టి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ మాత్రం ప్రెస్సుకిస్తానన్నా. ఓనరుగారు కాస్త నొచ్చుకున్నా ఒప్పుకున్నారు. దిద్దుబాట్లన్నీ ఇప్పుడు ఎక్స్ఎంఎల్‌లోనే. ప్రస్తుతం మూడో ప్రూఫు నడుస్తోంది.