కుంటాల దగ్గర ఉంగరం, అమ్మమ్మ అడిగిన ప్రశ్న

మొన్న సెలవుల్ల మా కరీంనగర్ హాస్టలోళ్ళం, ఒక అక్క వాళ్ళ ఇంటోళ్ళతోని కలిసి కుంటాల జలపాతం పోయినం. కడెం నీళ్ళు 45 మీటర్ల దాకా ఎత్తుమీదికెల్లి దుంకుతయి, పక్కోళ్ళ మాట ఇనపడది. ఆ హోరుల్నే మా సీనియర్ అన్న మోకాలి మీద కూసొని, రీల్స్‌ల లెక్క, అక్క ముందల ఉంగరం పట్టిండు. చుట్టూ ఫోన్లు లేచినయి.

అక్క ఏం అనలే. అమ్మమ్మనే గట్టిగ అడిగింది: "బిడ్డా, మీది ఎన్ని దేవుళ్ళ సగ?"

కొందరు నవ్విండ్రు. మాకు నవ్వు రాలే. మన గోండులల్ల నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు ఉన్నయి గదా. ఒకే సగ అయితే అన్నాచెల్లెళ్ళ లెక్క, పెండ్లి కుదరదు. అన్న మెస్రం, ఏడు దేవుళ్ళు. అక్కోళ్ళది ఆరు. అడ్డు లేదు. రేపు పెండ్లయితే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా దగ్గర అక్కకు బేటింగ్ కూడా ఉంటది, కొత్త కోడలుగ దేవునికి పరిచయం చేస్తరు.

గాని ఒక మాట. మా ఊళ్ళె పెద్దలు పిల్ల ఇంటికొచ్చి అడుగుతరు. నచ్చకపోతే పిల్ల లోపల్నే తల్లికి చెప్తది, బయట ఎవ్వరి పరువూ పోదు. ఇంతమంది ముందల అడిగితే కాదనేతందుకు జాగ ఏది? అన్న మంచోడే, ఆ పద్ధతే మాకు నచ్చలే.

తిరుగు బస్సుల అక్క నిమ్మళంగ చెప్పింది: "నా బీఈడీ అయిపోనీ. అప్పుడు మీ పెద్దోళ్ళను ఇంటికి పంపు." అన్న ఉంగరం జేబుల పెట్టుకున్నడు. వీడియో మాత్రం ఎవ్వరం ఎవ్వరికీ పంపలే.