చెన్నపట్నంలో ఇంటి కొలను – ఉగాది నుంచి తెప్పోత్సవం దాకా

చెన్నపట్నంలో ఈతకొలను ఉన్న ఇల్లు అంటే ఒకప్పుడు అది తప్పకుండా సినిమావాళ్ళ ఇల్లే అనుకునేవాళ్ళం. మనబోటివాళ్ళకు ఈత అంటే మెరీనా ఒడ్డున కార్పొరేషన్ వారి కొలనే. ఇప్పుడు ఆ ముచ్చట మధ్యతరగతి దాటి కాస్త పైకి వచ్చిన ఇళ్ళకూ పాకింది. తిరువాన్మియూరు దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నీలాంగరై, ఇంజంబాక్కం, ఉత్తండి వైపు వెళ్తే కొబ్బరిచెట్ల నడుమ చాలా ఇళ్ళలో నీలం పలకల తొట్టి కనిపిస్తుంది. వీటిలో మన తెలుగువారి ఇళ్ళూ ఉన్నాయి. అమెరికా నుంచి మనవలు సెలవులకు వస్తారని తాతగారు ముచ్చటపడి కట్టిస్తారు. మనవలు ఉండేది 3 వారాలు. మిగిలిన 49 వారాలూ ఆ నీటిని కాచుకోవలసింది ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళే.

ఎంత నీరో ఒకసారి లెక్క వేద్దాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకుంటే దాదాపు 45,000 లీటర్లు. అంటే 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలు నాలుగు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో ప్రభుత్వ లెక్క. ఆ లెక్కన ఐదుగురున్న సంసారానికి ఆ నీళ్ళు రెండు నెలలకు పైగా వస్తాయి. ఈ ఊళ్ళో నీళ్ళు అంత తేలిగ్గా దొరికేవి కావు. 1983లో ఎన్.టి.రామారావు గారు, ఎం.జి.రామచంద్రన్ గారు ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కుదిరిన ఒప్పందం వల్ల 1996లో శ్రీశైలం నుంచి కృష్ణమ్మ నీరు కండలేరు మీదుగా పూండి జలాశయం వైపు వచ్చింది. తర్వాత మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రాలు వచ్చాయి. ఇన్ని చేసినా వాన తప్పితే ఊరు బిందె పట్టుకుని వీధిలోకి రావలసిందే. అందుకే ఇక్కడ కొలను బాగా చూసుకోవడం అంటే నీరు తళతళలాడడం ఒక్కటే కాదు. ఒకసారి నింపిన నీటిని ఎన్నేళ్ళు పారబోయకుండా కాపాడుకున్నాం అన్నదే అసలు సంగతి.

మన సంవత్సరం ఉగాదితో మొదలు కనుక కొలను పంచాంగం కూడా అక్కడినుంచే చూద్దాం. చైత్రంలో వేపపూత రాలుతుంది. ఉగాది పచ్చడికి ఎంత శ్రేష్ఠమో, కొలనుకు అంత చేటు. పూత నానితే నీరు పాకుడు పడుతుంది. పొడవాటి కర్రకు కట్టిన వలతో పొద్దున్నే తీసేయాలి. మే నెల వచ్చేసరికి అరవవారు అగ్నినక్షత్రం అనే కర్తరి ఎండలు. 2003 మే 31న ఈ ఊళ్ళో 45 డిగ్రీలు కాసింది. మండువేసవిలో రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. మనం చెప్పుకున్న కొలనులో అది దాదాపు 200 లీటర్లు, అంటే పన్నెండు పదమూడు బకెట్లు. ఈత కొట్టని వేళల్లో పైన కప్పు పరిస్తే ఇందులో చాలా భాగం మిగులుతుంది. ఎండకు క్లోరిన్ కూడా ఎగిరిపోతుంది కనుక దాన్ని పొద్దుగుంకిన తర్వాతే కలపాలి. నీటిలో క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పి.హెచ్. 7.2 నుంచి 7.6 మధ్య ఉంటే కంటికీ చర్మానికీ బాధ ఉండదు. పరీక్షకు రంగు మారే చిన్న పట్టీలు దొరుకుతాయి. వేసవిలో మోటారు రోజుకు 6 నుంచి 8 గంటలు తిరగాలి. చలికాలంలో అందులో సగం చాలు.

ఇసుక ఫిల్టరును కడిగే బ్యాక్‌వాష్‌ను కొందరు వారం వారం పూజలా చేస్తారు. అది తిరిగినంతసేపూ వందల లీటర్లు బయటకు పోతాయి. ఫిల్టరు మీద ఉన్న ప్రెషర్ గేజి ముల్లు మామూలు కంటే బాగా పైకి లేచినప్పుడు చేస్తే చాలు. ఆ నీటిని కాలువలోకి వదలకుండా ఒక తొట్టిలో పట్టి, క్లోరిన్ పోయేదాకా రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే కొబ్బరిచెట్లకు పోయవచ్చు. బోరు నీటిలో ఇనుము ఉంటే క్లోరిన్ తగలగానే నీరు కాఫీ డికాక్షన్‌లా మారుతుంది. భయపడి పారబోయనక్కరలేదు. పటిక వేసి, మోటారు ఆపి, ఒక రాత్రి కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. మన అమ్మమ్మలు చెరువునీటి బిందెలో ఇండుపగింజ అరగదీసి నీరు తేర్చినది ఇటువంటి పద్ధతే.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాయంత్రాలు ఉరుములతో జల్లులు పడుతుంటాయి. ఈ నెలల్లో మనవలు వెళ్ళిపోయి కొలను బోసిపోతుంది. వాడడం లేదు కదా అని మోటారు ఆపేస్తే వారం పది రోజుల్లో దోమపిల్లలు బయలుదేరతాయి. మద్రాసు దోమలకు పేరుపడ్డ ఊరని వేరే చెప్పనక్కరలేదు. వాడినా వాడకపోయినా నీటిని కదుపుతూ ఉండాలి.

ఇక ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా ఈశాన్య ఋతుపవనాలు. మన తెలంగాణ, కోస్తా జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల్లో కురిసే వాన ఇక్కడ దీపావళికి కురుస్తుంది. ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్లు పడితే అందులో సగానికి పైగా ఈ 3 నెలలదే. తమాషా ఏమంటే, మన కొలను సగటు లోతు కూడా 1.4 మీటర్లే. అంటే ఏడాది పొడుగునా ఆకాశం నుంచి ఆ తొట్టిలో పడే నీరు దాదాపు తొట్టెడు!

ఈ కాలంలో చేయకూడని పని ఒకటుంది. ఎంత మురికి పట్టినా కొలనును ఖాళీ చేయకూడదు. సముద్రతీరపు ఇసుకనేలలో వానలకు భూగర్భజలం పైపైకి వస్తుంది. లోపల నీటి బరువు లేకపోతే అడుగునుంచి ఆ నీరు తోసి, సిమెంటు తొట్టిని పడవలా లేపేస్తుంది. పలకలు పగలడం, గోడలు బీటలివ్వడం అందువల్లే. అడుగున ఒత్తిడిని వదిలే వాల్వు ఉన్నదీ లేనిదీ సెప్టెంబరులోనే చూసుకోవాలి. 2015 డిసెంబరు వరదల్లాంటివి వచ్చి బురద చేరినా, పటికతో తేర్చి, క్లోరిన్ ఎక్కువగా వేసి, నేలలో నీరు దిగేదాకా ఆగాలి. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపానులో ఊళ్ళో చెట్లు వేలల్లో కూలాయి. అటువంటి రోజు మోటారుకు కరెంటు మెయిన్ తీసేసి, ఇంట్లో కూర్చోవడమే.

నీలాంగరైలో మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో ఇటువంటి కొలనే ఉంది. 2019 వేసవిలో ఊరికి నీరిచ్చే జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెప్పించారు. దానికి ముందు జూన్‌లో వాళ్ళ కొలను అడుగున్నర తగ్గింది. లారీకి చెబుదామని అన్నయ్య అంటే, “వీధిలో బిందెలు బారులు తీరి ఉంటే మనం ఆడుకోవడానికి నీళ్ళు పోయించుకుంటామా అండీ?” అన్నదట వదిన. నాలుగు రోజులు క్లోరిన్ వేయడం మానేశారు. తర్వాత చిన్న మోటారుతో ఆ నీటిని తమ సంపులోకీ, పక్క రెండు ఇళ్ళకూ తోడారు. తాగడానికీ వంటకూ కాదు. మరుగుదొడ్లకు, నేల తుడవడానికి, చెట్లకు. మూడు వారాల్లో కొలను ఖాళీ అయింది. వేసవిలో భూగర్భజలం లోతుగా ఉంటుంది కనుక తొట్టికి ముప్పు రాలేదు. మరుసటి వారమే మేడమీద వాననీటి గొట్టాన్ని కొలనుకు కలిపించారు. మొదటి వానకు దుమ్ము, పిట్టల రెట్ట బయటికి పోయేలా ఒక మూత పెట్టించారు. 150 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,500 లీటర్లు. నవంబరు ఆఖరుకు కొలను నిండింది. ఒక్క లారీ రాలేదు. తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటిని నేలలోకి ఇంకించే ఏర్పాటు ఉండాలని 2003లోనే చట్టం వచ్చింది. ఆ గుంటలు వాళ్ళింట్లోనూ ఉన్నాయి. ఇప్పుడు కొలను నిండగా పొర్లినది అందులోకి పోతుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. మైలాపూరు కపాలీశ్వరుని కోనేరు, తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి కోనేరు వాననీటి మీద బ్రతికినవే. తిరువల్లిక్కేణి అన్న పేరులోనే కలువల కొలను ఉంది. చుట్టూ వీధుల్లో పడిన వాన కాలువల్లోంచి కోనేట్లోకి చేరేది. వీధులకు సిమెంటు పడి, కాలువలు పూడి, ఈ ఊళ్ళో చాలా కోనేళ్ళు ఎండి పిల్లలకు క్రికెట్ మైదానాలయ్యాయి. మళ్ళీ వాననీటికి దారి ఇచ్చినచోట నీరు నిలిచింది. తెప్ప తేలాలంటే కోనేరు నిండి ఉండాలి. ఇంటి కొలను తేలకుండా ఉండాలన్నా నిండే ఉండాలి!

కొత్తగా కట్టించుకునేవారికి నాలుగు మాటలు. కొలను చిన్నదిగా కట్టించండి. డాబా గొట్టాన్ని దానికి కలపండి. పైన కప్పు, అడుగున వాల్వు మొదటే పెట్టించండి. అన్నిటికంటే ముందు చుట్టూ నిలువెత్తు కంచె, పిల్లల చేతికందని గడియ ఉండాలి. రెండేళ్ళ పసివాడికి మోకాలి లోతు నీరైనా ప్రమాదమే.

సంక్రాంతి తర్వాత తై పౌర్ణమి రోజుల్లో మద్రాసులో ఉంటే, పిల్లల్ని ఒక సాయంత్రం మైలాపూరు తీసుకువెళ్ళండి. దీపాలతో తెప్ప కోనేరు చుట్టూ తిరుగుతుంటుంది. పడమటి వైపు మెట్ల మీద చోటు కావాలంటే కాస్త పెందలాడే వెళ్ళాలి.