పెట్టెలు మోసే ఊరు

వెరోనాలో పొద్దున్నే బయల్దేరాం. మేస్త్రే దాటి పొడవాటి వంతెన ఎక్కేసరికి రెండు పక్కలా నీళ్లే. రైలుకి 1846లోనే దారి పడింది. మేం కారులో వెళ్తున్న రోడ్డు వంతెన 1933లో వచ్చింది. కట్టిన ఇంజనీరు ఎయుజెనియో మియోత్సి. కార్లను వెనిస్ గుమ్మం దాకా తెచ్చిన ఆ మనిషే గ్రాండ్ కెనాల్ మీద నడిచేవాళ్ల కోసం అకాదేమియా దగ్గర చెక్క వంతెన, రైల్వే స్టేషన్ ముందు స్కాల్జీ రాతి వంతెన కట్టాడని తెలిశాక ఆయన మీద గౌరవం కలిగింది.

పియాజ్జాలే రోమాతో కార్ల దారి సరి. అక్కడి గ్యారేజీలో కారు పెట్టాం. ట్రోంకెత్తో దీవిలో పెట్టి, చిన్న రైల్లో ఇవతలికి రావొచ్చు. నన్నడిగితే మేస్త్రేలోనే కారు వదిలేసి రైలెక్కడం మేలు. పది నిమిషాల ప్రయాణం, జేబుకీ సుఖం.

"ఏమండీ, ఈ రెండు పెద్ద పెట్టెలతో ఊళ్లోకి వద్దు," అంది మా ఆవిడ. డిక్కీలో వదిలేస్తే నాకు మనసు కుదుట పడదు. సరే, శాంతా లూచియా స్టేషన్లో సామాను దాచే చోట ఇచ్చేద్దామని కలత్రావా వంతెన ఎక్కాం. 2008లో తెరిచారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాని మెట్లలో గాజు పలకలు పరిచారు. పెట్టె పట్టుకుని వాటి మీద అడుగు వేస్తే ప్రాణం అరచేతిలోకొస్తుంది. సామాను మోసేవాణ్ణి తలుచుకుని కట్టిన వంతెన కాదది.

స్టేషన్లో పెట్టెలిచ్చి, భుజాన చెరో సంచీతో బయటపడ్డాం. అప్పుడు చూశాను ఆ తోపుడు బండిని.

మంచినీళ్ల సీసాల పెట్టెలు నిలువెత్తున పేర్చి, ఒకతను చిన్న వంతెన ఎక్కిస్తున్నాడు. బండికి రెండు పెద్ద చక్రాలు. ముందుకి పొడుచుకొచ్చిన కొసన రెండు బుల్లి చక్రాలు. ఆ బుల్లి చక్రాలు పై మెట్టు మీద ఆనగానే, ఆ ఆసరాతో పెద్ద చక్రాల్ని ఒక్క ఊపున పైకి లేపుతాడు. మళ్లీ పై మెట్టు. "అటెన్సియోనే!" అని అరుపు. జనం గోడకి ఒదిగి దారిస్తారు. పడవ దిగాక హోటల్ దుప్పట్లు, కూరగాయలు, ఇళ్ల చెత్త అన్నీ ఇలా మనిషి చేతుల మీదే నడవాలి. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊళ్లో రోజుకెన్ని మెట్లో! కోనసీమ కాలవ గట్టున పెరిగినవాణ్ణి. పడవలోంచి ధాన్యం బస్తా వీపునేసుకుని, బల్ల మీంచి గట్టెక్కే మనుషుల మెడ నరాలు నాకు గుర్తు. అక్కడే అరగంట నిలబడిపోయాను. అతను ఖాళీ బండితో తిరిగొస్తూ నన్ను చూసి తలాడించాడు.

సాన్ మార్కో, మురానో, గొండోలాలు రెండ్రోజుల్లో అయిపోయాయి.

మూడో రోజు పొద్దున పెట్టెలు తీసుకుని మళ్లీ ఆ గాజు మెట్ల మీదకొచ్చాం. ఎదురుగా గుంపు. "అటెన్సియోనే!" అనేశాను. ఒక ముసలావిడ పక్కకి తప్పుకుని, మెట్ల నడుమకి రమ్మని చేత్తో చూపించింది. అక్కడ రాయి పరిచి ఉంది.