ధవళేశ్వరం గేట్ల నుంచి కోరంగి మడల దాకా

మా ధవళేశ్వరం వచ్చిన చుట్టాలను ముందుగా ఆనకట్ట మీదికే తీసుకెళ్తాం. కాటన్ దొర మ్యూజియం చూపిస్తాం. వరదల రోజులైతే పులస కబుర్లూ ఉండనే ఉంటాయి. గేట్ల కింద నుంచి ఉరికే నీళ్ళను చూసి, "ఇవన్నీ సముద్రంలో కలిసి వృథాయేగా!" అంటారు చాలామంది. వృథా కాదండీ! ఆ నీళ్ళు దిగువన ఒక అడవిని బతికిస్తున్నాయి. ఈసారి ఆనకట్ట చూసి వెనక్కి తిరగకుండా, నీళ్ళ వెంట మీరూ కోరంగి దాకా వెళ్ళి రండి.

కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది పాతబడితే 1982 నాటికి ఇప్పుడున్న బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలన్నీ కలిపి 175 గేట్లు. ఇక్కడ కాలువల్లోకి మళ్ళిన నీరు మన వరిచేలకు పోతుంది. మిగిలింది గౌతమి, వశిష్ఠ పాయలుగా సముద్రం దారి పడుతుంది.

కడియం పూలతోటలు చూసుకుంటూ, రామచంద్రపురం, ద్రాక్షారామం, యానాం మీదుగా వెళితే కోరంగి వస్తుంది. పుష్య అమావాస్యకు చొల్లంగి స్నానానికి వెళ్ళే వాళ్ళకు ఈ దారి కొత్త కాదు. సప్తసాగర యాత్ర మొదలయ్యేది అక్కడే కదా! స్నానం చేసి తిరిగొస్తాం గానీ, పక్కనే ఉన్న మడ అడవిలోకి తొంగిచూసే వాళ్ళం తక్కువ. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

కిందటి కార్తీకంలో మా తోటికోడలూ నేనూ వెళ్ళాం. చెక్కల బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదే. ఆ బురదలోంచి అగరొత్తులు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళు! బురదలో గాలి ఆడదు గనుక ఆ వేళ్ళతోనే మడచెట్టు ఊపిరి పీలుస్తుంది. పొన్నచెట్టు సంగతి మరీ వింత. గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది. పురిటికి పుట్టింట్లోనే ఉండి, బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక అత్తారింటికి పంపినట్టు, మొలక గట్టిపడ్డాకే కిందికి వదులుతుంది. మండపీతలు, రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు ఈ వేళ్ళ సందుల్లోనే పెరుగుతాయి. మన వంటింటికి వచ్చే చేపకు ఇదే పుట్టిల్లన్నమాట. వాటిని వేటాడే బావురుపిల్లి, నీటికుక్క కూడా ఇక్కడున్నాయి.

ఇంతటి అడవీ ఒకప్పుడు చాలాచోట్ల బోసిపోయింది. వంటచెరకు కోసం గళ్ళు గళ్ళుగా మొత్తం నరికేవారు. నీడ పోయి నేల ఎండింది, కుంగింది, పళ్ళెంలా గుంటపడింది. పోటుకు వచ్చిన ఉప్పునీరు ఆ గుంటలో నిలిచిపోయేది. పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెడితే ఏమవుతుంది? నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. అక్కడా అంతే. ఆ ఉప్పుకు మడచెట్టు కూడా తట్టుకోలేకపోయింది. అలాంటి చోట ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోవలసిందే.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఇక్కడి ఊళ్ళ వాళ్ళు కలిసి చేసిన పని నాకు ఎంతో నచ్చింది. ముందు మొక్క జోలికి పోలేదు. చేప ముల్లు ఆకారంలో, నడుమ ఒక పెద్ద కాలువ, ఇటూ అటూ ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వి, వాటిని సముద్రపు పాయకు కలిపారు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు లోపలికి వచ్చి, ఆటుకు బయటికి పోతూ నేలలోని ఉప్పును కడిగేసింది. ఆ తరువాతే కాలువ గట్ల వెంట మడమొక్కలు నాటారు. మట్లపాలెం లాంటి ఊళ్ళలో వన సంరక్షణ సమితులు కాపలా కాశాయి. బీడుపడ్డ చోట పచ్చదనం తిరిగొచ్చింది. అంట్లు తోమకుండా వంట మొదలుపెట్టం కదా, ఇదీ అంతే!

ఈ అడవి విలువ తీరం వాళ్ళను అడగండి. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. అప్పుడు మడలు అడ్డున్న చోట గాలి, అల జోరు తగ్గిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా నరుకుడు ఆగలేదు. 2020లో కాకినాడ దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడలు కొట్టేశారన్న గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మడకు ఉప్పునీరు ఒక్కటే చాలదు, గోదారి మంచినీరూ ఒండ్రూ కలవాలి. వేసవిలో మా గేట్లు మూతపడితే దిగువకు నీరు సన్నగిల్లుతుంది. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతుంది. మన అన్నం కుండ నింపిన ఆనకట్టను తప్పుపట్టను. కానీ ఆ నీటిలో అడవికీ ఒక వాటా ఉందని మరిచిపోతే, కాలువలు తవ్వి బతికించినదంతా మళ్ళీ ఎండుతుంది.

వెళ్ళే వాళ్ళకు కొన్ని సూచనలు: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. పడవ ఎక్కాలంటే పోటు వేళ కనుక్కుని బయలుదేరండి. పులిహోర, దద్దోజనం స్టీలు డబ్బాల్లో సర్దండి, ప్లాస్టిక్ సంచులు వద్దు. పిల్లలను ఆకులు, కొమ్మలు తుంచనివ్వకండి. అక్కడ తిల్లచెట్లుంటాయి, వాటి పాలు కళ్ళలో పడితే ప్రమాదం. ఒక పొన్నమొలక చెట్టున వేలాడుతుంటే మాత్రం పిల్లలకు తప్పక చూపించండి.